మెడ వెనక మచ్చ

ఇరవై ఆరేళ్లుగా హీరోల మొటిమలూ గాట్లూ మాయం చేస్తున్న మేకప్‌మ్యాన్ చలపతిరావు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన చేతి పనితనం తెలియనివాళ్లు లేరు. ఆ చేయే చివరికి ఆయన కొంప ముంచింది.

కూతురు పూజిత ఎడమ చెంప మీద అరచేతిలో సగమంత బొల్లి మచ్చ. హైటెక్ సిటీలో ఉద్యోగం. రహమత్ నగర్ సందు చివరికి కంపెనీ క్యాబ్ వచ్చేలోగా, రోజూ పొద్దున్నే పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి ఆ మచ్చ కప్పేసేవాడు. "వదిలెయ్ నాన్నా, ఇలాగే వెళ్తాను. ఎవరేమనుకుంటే నాకేంటి?" అనేది పూజిత. వింటేగా! ఒకసారి గుండెపోటు వచ్చి వెళ్లిన మనిషి. తను పోయాక ఈ పిల్లకి రంగెవరు వేస్తారన్నదే దిగులు.

జూబ్లీ హిల్స్‌లో చర్మం డాక్టర్ ఉదయశ్రీ దారి చూపించింది. మచ్చ మీది పైపొరను లేజర్‌తో పలచగా తీసేసి, తొడ నుంచి తీసిన సన్నటి చర్మం అక్కడ అతికిస్తే మెల్లగా రంగు పడుతుందట.

"కానీ ఏడాది దాకా ఒంటి మీద ఎక్కడా కొత్త మచ్చ రావద్దు," అంది. "వచ్చిందంటే రోగం ఇంకా ఆగలేదన్నట్టు. అప్పుడు లేజర్ పెడితే గీకిన చోటల్లా తెల్లగైతది. జర ఓపిక పట్టుండ్రి."

పదకొండు నెలలు ఓపిక పట్టారు. పన్నెండో నెలలో ఓ పొద్దున జడ పక్కకు తీస్తే, మెడ వెనక పెసరగింజంత తెల్లచుక్క! చలపతిరావు లెక్క వేసుకున్నాడు. మళ్లీ ఏడాదా? అప్పటిదాకా తనుంటాడా? చుక్కే కదా, ఏమవుతుందిలే అనుకుని ముఖానికి వేసే రంగే అక్కడా అద్దాడు.

"మెడకెందుకు నాన్నా?"

"రంగు కలవాలిగా."

ఆపరేషన్‌కి ముందు డాక్టర్ ఆఖరిసారి పరీక్ష చేసిన రోజూ అద్దాడు. ఆవిడ చేతులు చూసింది, వీపు చూసింది, జుట్టెత్తి మెడా చూసింది. ఏమీ కనబడలేదు. ఆయన లోలోపల మురిసిపోయాడు కూడా, ఏం మనిషో!

ఆపరేషన్ అయిన నాలుగు నెలలకి అతికించిన చర్మం తెల్లబడింది. చుట్టూ బాగున్న చెంపా తెల్లబడింది. తొడ మీద చర్మం తీసిన చోటా అంతే. డాక్టర్ మళ్లీ ఒళ్లంతా వెతికింది. ఆపరేషన్ అయ్యాక రంగులేవీ పూయొద్దని తనే చెప్పింది కాబట్టి ఈసారి మెడ మీద మచ్చ దొరికింది. రూపాయి బిళ్లంత అయింది.

"ఇదెప్పటిది? ఆపరేషన్ ముందు నుంచే ఉందా?"

పూజిత చేయి మెడ మీదికి పోయింది. తండ్రి వైపు తిరిగింది. ఆయన తల ఎత్తలేదు. పిల్లకి అంతా అర్థమైపోయింది.

"ఉందండీ. నేనే దాచాను," అంది.

"చదువుకున్న పిల్లవు, గిట్ల చేస్తవా? నీ మొఖం నువ్వే కరాబ్ చేసుకుంటివి గదా!"

డాక్టర్ చెడామడా తిట్టింది. పూజిత నిలబడి తిట్లన్నీ పడింది. కాదమ్మా, నేనే దాచానని చెప్పడానికి చలపతిరావు రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ మూసేశాడు. అంత పిరికివాణ్నని ఆ రోజు దాకా ఆయనకే తెలియదు.

మెట్లు దిగుతూ ఏడ్చేశాడు. "నీ మీద ఎందుకేసుకున్నావమ్మా?"

"నువ్వు తిట్లు తింటుంటే చూడలేను నాన్నా," అంది పూజిత. రెండు మెట్లు దిగాక మళ్లీ అంది. "నాకొక్క మాట చెప్పుంటే ఇంకో ఏడాది ఆగేదాన్నిగా. నాకేం తొందర?"