రానూ పోనూ

పెంకు పగలగొట్టాక లక్కే ఇక చింతపండు వైపు చూడదు. ఎడమచేతి వేళ్లు ఈనెలు లాగేస్తాయి, కుడిచేతిలోని చిన్న ఉలి గుజ్జును చీల్చి గింజను తోసేస్తుంది. గుజ్జు ముందున్న తట్టలో పడుతుంది, గింజ ఒళ్లో పరిచిన గోనెపట్టాలోకి జారుతుంది. ఇన్నేళ్ల పులుపుకు ఆమె వేళ్ల కొనలు తెల్లబడి, గీతలు అరిగిపోయాయి. పాస్‌పోర్టు కోసం వెళ్లిన రోజున ఆ వేళ్లను గాజుపలక మీద ఎన్నిసార్లు నొక్కినా యంత్రం ఒప్పుకోలేదు. కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ నొక్కితే ఎట్టకేలకు ఒక బొటనవేలు దయ తలిచింది.

కోంటా బజారు వెనక శ్రీరంగం సేటు గోదాములో ఒక రివాజు ఉంది. పండు సేటుది, గింజ వలిచినవాళ్లది. కూలి డబ్బు ఇంటికి పోతుంది. గింజలు ఎండాకాలం చివర్లో వ్యాపారి వచ్చి కొనుక్కుపోతాడు. ఆ డబ్బుతో ఆడవాళ్లు గాజులో, గిన్నెలో కొనుక్కుంటారు. లక్కే, ఆమె పక్క చాప మీద కూర్చునే ఊర్మిల మాత్రం కొన్నేళ్లుగా గింజల డబ్బును సముద్రం అవతలి లంక దేశం చూసి రావడానికి దాస్తున్నారు.

మొదట ఆ ఆశ పుట్టింది బస్తాల వల్లే.

"ఇవి ఏడికి పోతయి సేటూ?" అని ఒకనాడు లారీకి ఎక్కిస్తుంటే అడిగింది లక్కే.

"విశాఖపట్నం పోయి ఓడెక్కుతయి. సముద్రం దాటుతయి."

"నేను వలిచింది సముద్రం దాటె. నేను శబరి దాటి చింతూరు సంత గూడ సరిగ్గ చూడకపోతి."

అందరూ నవ్వారు. లక్కే కూడా నవ్వింది గాని ఆ మాట ఆమెలోంచి పోలేదు. మరుసటి ఏడు సేటు కోడలు మౌనిక లంక తిరిగొచ్చి ఫోనులో సముద్రం చూపించింది. ఆమెను తీసుకెళ్లిన భద్రాచలం ఏజెంటుతో సేటే ఫోను కలిపి మాట్లాడించాడు. ఏజెంటు హోటలు గురించి, భోజనం గురించి చెప్పుకుపోతుంటే లక్కే ఒక్కటే అడిగింది.

"మళ్ల తీసుకొస్తరా?"

"రానూ పోనూ కలిపే రేటమ్మా," అని అవతల నవ్వాడు.

అతనికి అది నవ్వులాటే. అడవి ఊళ్లు తగలబడిన ఏడు లక్కే గొల్లపల్లి పక్క ఊళ్లోంచి పారిపోయినప్పుడు పొయ్యి మీద అంబలి అలాగే ఉంది, మళ్లీ వెళ్లి దించుకోలేదు. ఊళ్లు వదిలొచ్చినవాళ్ల శిబిరంలో ఉండగా ఆమె భర్త ఇర్మా మిరపకోతలకని తెలంగాణ పోయాడు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడు, అంతే. వెళ్లడమంటే ఆమెకు తెలిసింది అదే. ఏ పనీ ఏ భయమూ లేకుండా ఊరికే వెళ్లి, చూసి, మళ్లీ వచ్చి ఇదే చాప మీద కూర్చోవచ్చని, దానికొక రేటు కూడా ఉంటుందని విని ఆమె ఆశ్చర్యపోయింది.

అప్పటినుంచి ఆమె సంతరోజు చేపలు మానేసింది. ఊర్మిల జగదల్‌పూర్ వైపు మనిషి, చిన్నప్పటినుంచి పళ్లకు గుడాకు రుద్దుకునే అలవాటు. డబ్బు మిగలాలని ఆ పొగాకు ముద్ద వదిలాక ఆమెకు చీటికిమాటికి కోపం. పాస్‌పోర్టు విచారణకు పోలీసులు వచ్చి లక్కే ఇల్లు ఏదని అడిగినప్పుడు వాడంతా తలుపులు వేసుకుంది. లక్కే ఒక్కతే బయటికొచ్చి వాళ్లకు నీళ్లిచ్చి, "లంకకు పోతున్న సార్, వస్త" అని చెప్పింది.

నాలుగు రోజులుగా ఆమెకు ఎడమ భుజం లాగుతోంది, ఈ పొద్దున్నుంచి మరీను. ఉలి పక్కన పెట్టి భుజం పట్టుకోవడం ఊర్మిల చూసింది.

"మొన్ననే చెప్తి, అస్పతాల్ పో అని. పైసలు గూడ తీసుకోరు ఆడ."

"పైసలు తీసుకోరు, దినమంత తీసుకుంటరు. ఆ దినం గింజలు ఎవరిస్తరు, నీ మొగడా?"

"నా మొగడు గింజలిచ్చేటోడైతే నేనీడ ఎందుకుంట!" అంది ఊర్మిల. నవ్వాక కూడా ఆమె చూపు లక్కే భుజం మీదే ఉంది. తరువాత గోడ మేకుకు వేలాడుతున్న సంచి వైపు తిరిగింది. అందులో లక్కే సంతలో కొన్న నీలం కాన్వాసు బూట్లు ఉన్నాయి. ఇంట్లో పెడితే మనవడు తొక్కేస్తాడని ఇక్కడ పెట్టింది.

"ఒక్కపారి కాలు పెట్టి చూడక్కా. కరుస్తయో ఏమో. ఆడికి పోయినంక కుంటుతవా?"

"కొలిచి తెచ్చిన గద."

వెదురు బద్దను పాదం కింద పెట్టి, మడమ దగ్గర గాటు పెట్టి, ఆ బద్దను బూటులో దూర్చి చూసి కొన్నది ఆమె. కాలు మాత్రం పెట్టలేదు.

"పండుం కాకుండ కొత్త మామిడికాయ తింటరా ఎవరన్న?" అంది లక్కే.

"బూటు మామిడికాయా ఏంది?"

"కొత్తదే గద."

లక్కే పుట్టిన దోర్ల తెగలో పండుం పండుగ చేసి, పోయిన పెద్దలకు పెట్టనిదే కొత్త పంట నోట పెట్టరు. బూట్లకు పండుం బయలుదేరే రోజేనని ఆమె తీర్మానించుకుంది.

మధ్యాహ్నం గింజల వ్యాపారి వచ్చాడు. కాటా మీద బస్తాలు ఎక్కుతుంటే ఊర్మిల ముల్లు మీదినుంచి చూపు తిప్పలేదు. శ్రీరంగం సేటు లెక్క వేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"అయిపోయిందే లక్కా! ఇద్దరికీ సరిపోయింది. రేపు భద్రాచలం ఫోన్ చేస్త."

లక్కే కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది.

"తిరిగొచ్చే టికెట్టు ముందు చూపియ్యమను సేటూ."

"నిన్నాడ వదిలేసి నేనొక్కదాన్నే వస్త," అంది ఊర్మిల.

"వదులు. ఈదుకుంట వస్త."

తరువాత ఆమె కొంచెం నడుం వాలుస్తానని బస్తాలకు ఆనుకుని, కొంగు ముఖం మీద కప్పుకుంది. పని మధ్యలో ఆమె అలా వాలడం అంతకుముందెన్నడూ ఎవరూ చూడలేదు. సంతోషానికి అలసిపోయిందనుకుంది ఊర్మిల. తన తట్టతో పాటు లక్కే తట్టలోది కూడా వలుస్తూ, ఆ గింజలను లక్కే పట్టాలోకే వేస్తూ పోయింది. సాయంత్రం లారీ వచ్చింది. లక్కే ఆనుకున్న బస్తాలే ఎక్కించాలి. "లే అక్కా" అని ఊర్మిల భుజం తట్టింది. మళ్లీ తట్టింది. ఆ తరువాత లారీ చాలాసేపు ఖాళీగా నిలబడింది.

మరునాడు వాడవాళ్లు ఆమెను సాగనంపారు. ఆమె దాచిన గింజల డబ్బుతో కొడుకు మంగల్ వచ్చిన వాళ్లందరికీ భోజనం పెట్టాడు. వాళ్ల రివాజులో పోయిన మనిషి వాడిన వస్తువులు ఆ మనిషి దగ్గరే వదిలిరావాలి. చాప, ఉలి, సొరబుర్ర, అరిగిన చెప్పులు అక్కడ పెట్టారు. శ్రీరంగం సేటు సంచి తెచ్చి బూట్లు బయటికి తీశాడు.

వాడకు పెద్దమనిషైన మాడ వాటి అడుగులు తిప్పి చూశాడు. మట్టి లేదు.

"ఏసుకుందా?"

"లేదు," అంది ఊర్మిల. "ఒక్కనాడు గూడ."

"అట్లయితే ఇంక ఆమెవి కావు. ఆమె దగ్గర పెట్టరాదు. వాపస్ తీసుకపో."

ఊర్మిల వాటిని గుండెకు ఆనించుకుని బజారు మీదుగా నడిచి గోదాముకు తెచ్చింది. మరుసటి వారం భద్రాచలం నుంచి ఫోను వస్తే, ఇప్పుడు కాదని సేటుతో చెప్పించింది. ఆమె కొంగు ముడిలోకి గుడాకు డబ్బీ మళ్లీ చేరింది.

సంచి ఆ మేకుకే ఉంది. కుడికాలి బూటులో వెదురు బద్ద ఇంకా అలాగే ఉంది, మడమ దగ్గర గాటుతో, లక్కే పాదమంత పొడవున.