పిడి మీది గుడ్డ

సాయంత్రం షిఫ్టు గంట మోగేలోగా చెయ్యాల్సినవి, వచ్చే నెల రొటేషన్ చార్టు, యాభై దాటినవాళ్ల జాబితా, కొత్త బల్లల ఎత్తు కొలతలు, అమ్మకి ఫోను, బాబాయ్ భుజం గురించి రిపోర్టు, ఆ ఆఖరిదాన్ని వాయిదా వేస్తూ పొద్దుటినుంచి బల్లల ఎత్తు మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ ఒకటే వచ్చింది, బల్ల ఎందుకు మారుతుంది, మారింది మనిషి, యాభై ఎనిమిదేళ్ల మనిషి, మా ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైనంతా బాబాయ్ అని పిలిచే మనిషి, నిన్న మధ్యాహ్నం పదహారు కిలోల ఇనప మూత ఎత్తబోతే చెయ్యి సగంలో ఆగిపోయింది, మూతని మాత్రం కింద పడనివ్వకుండా పొట్టకి అదుముకుని అలాగే చతికిలబడ్డాడు, భుజంలో కండరం చిరిగిందన్నారు డాక్టరు, మేనేజరుగారేమో కారణం దగ్గర వయసు అని రాసెయ్యవయ్యా, ఒక్క మాటతో పోతుంది అన్నారు, ఒక్క మాటే, దాంతో పనికి తగడని బాబాయ్‌కి మిగిలిన రెండేళ్ల ఉద్యోగం కూడా పోతుంది.

చార్టు తప్పెలా అవుతుంది, రెండు గంటలు మూతలు ఎత్తడం, రెండు గంటలు బోల్టులు, రెండు గంటలు కూర్చుని తనిఖీ, గంట మోగితేనే మారాలి, మధ్యలో ఎవరూ ఎవరి చోటుకీ పోకూడదు, ఎవరికీ అన్యాయం జరగకూడదనే ఆ రంగు గళ్లు గీశాను, మా ఇంట్లో మొదట కాలేజీ మెట్లెక్కినవాణ్ణి, మూటలు మోసి మోసి చెయ్యి పైకి లేవక నాన్న నాతో తల దువ్వించుకునేవాడు, దువ్వెన పట్టుకున్నప్పుడల్లా అనుకునేవాణ్ణి, చదువుకుని ఇలాంటి చేతులకి ఏదో ఒకటి చెయ్యాలని, చేశాను, గళ్లు గీశాను, మొదటి వారమే బాబాయ్ నా భుజానికి నీ గంట వినపడదు బాబూ అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, అలవాటవుతుందిలే బాబాయ్ అని నేనూ నవ్వాను.

ఇందాక ప్యాకింగ్‌లో పనిచేసే అక్క టీ గ్లాసు పెట్టి, వెళ్లకుండా నిలబడింది, ఆ గుడ్డ తీసేసింది మీరే కదండీ అంది, ఏ గుడ్డ అన్నాను, చేతులు తుడుచుకునేదండీ, భుజం లాగినప్పుడు బాబాయ్ మెషీను పిడి మీద వేసేవాడు, చూసినవాళ్లెవరో వెళ్లి ఆయన మూతలు ఎత్తేవాళ్లు, ఆయన వాళ్ల బోల్టులు బిగించేవాడు, అడిగేది లేదు, చెప్పేది లేదు, పదేళ్లబట్టీ అంతేనండీ, ఆ మాటతో గుర్తొచ్చింది, శుభ్రత తనిఖీ రోజున పిడి మీద జిడ్డుగుడ్డ వేలాడుతుంటే రెండు వేళ్లతో తీసి చెత్తడబ్బాలో వేసింది నేనే, జాబితాలో టిక్కు కూడా పెట్టుకున్నాను, బాబాయ్ చూస్తూ నిలబడ్డాడు, చదువుకున్నవాడు తీశాడంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాడేమో, నాన్న కూడా అంతే, నేనేం చెప్పినా తలూపేవాడు.

టీ చల్లారిపోయింది, నేను గళ్లు గీయకముందు కూడా వాళ్లు చోట్లు మారుతూనే ఉన్నారు, గంట విని కాదు, ఒకరి నొప్పి ఒకరు చూసి, అది తీసి చెత్తలో వేసి దాని చోట చార్టు అంటించాను, కారణం దగ్గర వయసు అని రాయలేదు, మధ్యలో మారే వీలు లేకుండా నేను వేసిన చార్టు అని రాసి సంతకం పెట్టాను, మేనేజరుగారు ఏమంటారో రేపు వింటాను, కొత్త చార్టులో ఒక గడి, వాళ్లే ఒకర్నొకరు చూసుకుని మారేందుకు, రంగు వెయ్యకుండా వదిలేశాను, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చుని దాన్ని నింపబోయేవారికి ఒక్కటే మనవి, పెన్ను ఆనించేముందు, పిడి మీద గుడ్డ వేసి, ఎవర్నీ ఏమీ అడక్కుండా నిలబడిన ఆ మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.