చారులో నాలుగో మూలిక

మణికి చైనా మీద ప్రత్యేకంగా పగేమీ లేదు. కానీ అమెరికాలోని షామ్‌బర్గ్‌లో క్యాన్సర్ డాక్టరు లిన్, మణి భర్త ఆమోసుకు కీమోతో పాటు ఇంకా పరీక్షల్లోనే ఉన్న కొత్త మాత్ర ఇస్తామనీ, చైనా వైద్యంలోని మూడు మూలికల నుంచి తీసిన పదార్థాలను కలిపి దాన్ని తయారుచేశారనీ చెప్పగానే మణికి ఒళ్లు మండింది. వాళ్ల ఆకులు పనిచేస్తే మన ఆకులు ఏం పాపం చేశాయి?

అనుకుని ఊరుకునే మనిషైతే కథే లేదు. భీమవరం నుంచి తెప్పించిన తిప్పతీగ పొడిని రోజూ మిరియాల చారులో చెంచాడు కలపడం మొదలుపెట్టింది. మొగుడు చేదు పసిగట్టేస్తాడేమోనని మొదట భయపడింది. ఆమోసు గడగడా తాగి, "కీమోకి నోరంతా చేదైపోయిందే" అన్నాడు. ప్రభువే దారి చూపించాడనుకుంది మణి.

ఆసుపత్రిలో ఈ పరీక్షల వ్యవహారం చూసే పద్మజ తెలుగుపిల్లే. అప్పుడప్పుడూ ఫోన్ చేసేది.

"అంకుల్ వేరే మందులేమైనా వాడుతున్నారా ఆంటీ?"

"ఏ మందూ లేదమ్మా."

మణి లెక్కలో అది అబద్ధం కాదు. సీసాలో ఉంటే మందు, గిన్నెలో మరిగితే చారు.

తరువాతి స్కాన్‌లో గడ్డ తగ్గిందని, ఆసుపత్రిలో లిన్ ముందు కూర్చున్న ఇద్దరికీ పద్మజ చెప్పింది. స్తోత్రమని మణి ఎత్తిన చేతులు దించకముందే పద్మజ గొంతు తగ్గించింది.

"కానీ లివర్ నంబర్లు బాగా పెరిగాయి ఆంటీ. మాత్ర వల్లేనేమోనని డాక్టర్ గారి డౌట్. ఆపేయాల్సి రావచ్చు. ట్రయల్ నుంచి కూడా తీసేస్తారేమో."

మణి చేతులు దించేసింది. గడ్డను కరిగిస్తున్న మాత్రేమో దోషిగా నిలబడింది, తన చారేమో ఇంట్లో దర్జాగా కూర్చుంది. నిజం చెబితే నియమం తప్పారని గెంటేస్తారేమో. చెప్పకపోతే మాత్ర ఎలాగూ పోతుంది, దాంతోపాటు ఈయన కూడా.

"మాత్ర కాదమ్మా, నేనే," అంది. "రోజూ చారులో తిప్పతీగ కలిపాను."

పద్మజ ఆ మాట లిన్‌కు ఇంగ్లీషులో చెప్పింది. అప్పుడు ఆమోసు పకపకా నవ్వాడు.

"పెళ్లయిన ముప్పై ఏళ్లకి మొగుడికి మందు పెట్టావటే!"

పద్మజకు నవ్వాగలేదు. డాక్టర్ లిన్ ఏమిటని అడిగింది. మొగుణ్ణి కొంగున కట్టేసుకోవడానికి పెళ్లాం అన్నంలో మందు పెట్టిందని మావైపు ఆడిపోసుకుంటారని వివరించడానికి పాపం ఆ పిల్ల నానా తిప్పలు పడింది.

లిన్ కూడా నవ్వి, మణి పక్కన కూర్చుంది. ఆమె మాటల్ని పద్మజ తెలుగులోకి తెచ్చింది.

"మాత్రలోని మూడు మూలికలకీ పొత్తు కుదర్చడానికే ఏళ్లు పట్టిందట ఆంటీ. ఒకటి గడ్డని కొడుతుంది, ఒకటి దానికి సాయం, ఇంకోటి ఆ రెండూ ఒంటిని పాడుచెయ్యకుండా చూస్తుంది. నాలుగోది దొంగచాటుగా దూరితే ఎవరేం చేస్తున్నారో ఎలా తెలుస్తుందంటున్నారు."

పొడి మానెయ్యాలి. మాత్ర కూడా కొన్నాళ్లు ఆపాలి. లివర్ కుదుటపడితే మళ్లీ ఇవ్వనిమ్మని పైవాళ్లను తానే అడుగుతానంది లిన్. మాట మాత్రం ఇవ్వలేదు.

ఆ కొన్నాళ్లూ మణి ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. చర్చిలో లివర్ కోసం ప్రార్థన చెయ్యమంది గానీ తిప్పతీగ పేరెత్తలేదు. ఎత్తితే పది ఇళ్ల నుంచి పది పొడులొస్తాయని ఆమెకు తెలుసు.

చివరికి మళ్లీ రక్తపరీక్ష చేశారు. పద్మజ దాదాపు పరిగెత్తుకొచ్చింది.

"నంబర్లు దిగాయి ఆంటీ! పర్మిషన్ కూడా వచ్చింది. మాత్ర మళ్లీ స్టార్ట్ చేసుకోవచ్చు!"

కారు దాకా మణి మంచు మీద తేలుతున్నట్టే నడిచింది. స్టీరింగ్ ముందు కూర్చున్నాక, ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిన మాట అడిగేసింది.

"ఆ రోజు మీకు కోపం రాలేదేంటండీ?"

"మొదటి రోజే తెలిసిందే. తిప్పతీగ చేదు నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం!"

"నా కోసం ఏదో ఒకటి చెయ్యకపోతే నువ్వు నిలవలేవు. అది కూడా లాక్కోవడం ఎందుకని తాగేశాను."

మణికి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఇద్దరం కలిసి మిమ్మల్ని చంపేసేవాళ్లం కదండీ!" అని ఆయన భుజం మీద ఒక్కటేసి, ఆ భుజానికే తల ఆనించి బావురుమంది. ఆయన ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు.

"ఇంక మీదట చేదుగా ఉంటే చేదని చెప్పండి."

"చెబుతానే," అన్నాడు ఆమోసు. "ముందు కారు స్టార్ట్ చెయ్యి, చలేస్తోంది."