రెండో మానిటర్ ఎందుకు?

మా ఆయన గోవిందరాజులుగారు ముప్ఫై ఒక్క ఏళ్లు ఒడిశాలో సునాబెడ ఫ్యాక్టరీలో కొనుగోళ్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఫ్యాక్టరీ క్వార్టర్ ఖాళీ చేసి సెమిలిగుడలో ఇల్లు కట్టుకున్నాక కూడా, ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా మూడు కొటేషన్లు ఉండాల్సిందే. మిక్సీ జార్ పగిలితే కొత్తది రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ నేను రోట్లో రుబ్బుకున్నాను. ఆ ఫైలు ఇప్పటికీ బీరువాలో ఉంది.

అందుకే మా కోడలు కల్యాణి కంప్యూటర్లోకి గ్రాఫిక్స్ కార్డు కావాలన్నప్పుడు నేను ముందు రోజులు లెక్కపెట్టాను. ఆ పిల్లకు పదకొండు రోజులే టైముంది.

కల్యాణి పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. ఎవరో తీసిన వీడియోను మా వీధి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి ఇస్తుంది. ఇన్నాళ్లూ అన్నీ చిన్న పెళ్లిళ్లే. మొదటిసారి రాయగడ నుంచి పెద్ద పని వచ్చింది. పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే కుటుంబం. పదహార్రోజుల పండక్కి చుట్టాలంతా వస్తారు, అప్పటికి వీడియో వాళ్ల హాల్లో పెద్ద టీవీ మీద ఆడాలి. ఆ ఇంట్లో ఇంకా ఇద్దరు ఆడపిల్లలు పెళ్లికున్నారు. ఇది బాగా వస్తే ఆ రెండు పెళ్లిళ్లూ కల్యాణివే. రాకపోతే రాయగడలోనే కావలసినన్ని స్టూడియోలున్నాయి, ఇంకోసారి ఘాటీ రోడ్డు ఎక్కి మా ఇంటికెవరూ రారు.

చిక్కేమిటంటే, ఆ పెళ్లిని హై డెఫినిషన్‌లో తీశారు. మా పాత కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. పెళ్లికొడుకు తాళి ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయి, కాసేపటికి మూడో ముడి దగ్గర తేలేవాడు. పైగా కల్యాణికి ఒకటి చాలదట, రెండు మానిటర్లు కావాలట. ఆ పాత డబ్బాకి ఒకటే తగులుతుంది. కొత్త కార్డు పెడితే రెండు చిక్కులూ తీరతాయట.

మా ఆయన తెల్లకాగితం తీసి, ఫ్యాక్టరీలో వస్తువు కావాలని పెట్టే అర్జీకి రాసినట్టే, పైన ‘ఇండెంట్’ అని రాశారు. ఆగిపోయిన పెళ్లికొడుకును స్వయంగా చూశారు కాబట్టి కార్డు అవసరమేనని ఒప్పుకున్నారు. రెండో మానిటర్ దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

“మనిషి ఒకర్తివి. కళ్లు రెండున్నా సూపు ఒక్కటే. రెండు మానిటర్లు ఏటికమ్మీ?”

పని తొందరగా అవుతుందని కల్యాణి రాసిచ్చింది. అది ఆశే గాని కారణం కాదని తిప్పి పంపారు. పెద్ద స్టూడియోలన్నిటిలో రెండేసి ఉంటాయని రాసింది. వాళ్లకున్నంత మాత్రాన మనకు అవసరమని ఎలా తేలిందని మళ్లీ తిప్పి పంపారు. వసారాలో ఆయన కుర్చీకీ వీధి గదికీ మధ్య పన్నెండు అడుగులుంటాయి. ఆ కాగితం అటూ ఇటూ తిరగడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు కల్యాణి స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని అసలు సంగతి చెప్పింది.

పెళ్లి వీడియోను ఒంటరిగా ఎడిట్ చేయనివ్వరు. పార్టీ తరఫున ఎవరో ఒక పెద్దావిడ వచ్చి వెనక కూర్చుంటుంది. కిందటేడు గుణుపురం పెళ్లికి పెళ్లికొడుకు పెద్దమ్మ రాజులమ్మగారు వచ్చింది. తాను అక్షింతలు వేసే ముక్కను కల్యాణి తగ్గించడం కళ్లారా చూసి, తనను చుట్టాల్లోంచే తీసేసినట్టు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ ముక్క తిరిగి పెట్టాక ఆవిడ తోడికోడలిదీ పెట్టాల్సివచ్చింది. ఆఖరికి వీడియో నాలుగు గంటల పది నిమిషాలు తేలింది. అందులో భోజనాలే గంటంబావు. పెళ్లికొడుకే పూర్తిగా చూడలేదని తర్వాత తెలిసింది.

“రెండో మానిటర్ వాళ్ల కోసం, మావయ్యా,” అంది కల్యాణి. “దానిమీద బొమ్మ ఒక్కటే ఆడతాది. కత్తిరించడం నా దానిమీద. నేనేటి తీసేనో వాళ్లకి తెలీదు.”

మా ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“పార్టీకి సూపించేది ఒకటి, మన ఫైల్లో ఉండేది ఒకటి. ఈ మాట మొన్ననే సెప్తే అయిపోను కదమ్మీ.”

వెంటనే సంతకం పెట్టేశారు.

ఇక కొటేషన్లు. బస్సెక్కి కొరాపుట్ వెళ్లారు, మర్నాడు జయపురం వెళ్లారు, మా వీధి చివర దేబాశిష్ కంప్యూటర్ దుకాణానికి నడిచి వెళ్లారు. కొరాపుట్‌లో చూపించిన కార్డుకి మూడు ఫ్యాన్లు, రంగురంగుల దీపాలు. ఆటలాడే కుర్రాళ్లు కొంటారట. జయపురంలోది చిన్నది, దానికి మానిటర్ ఒకటే తగులుతుంది. దేబాశిష్‌ది మధ్యరకం. రెండు ఫ్యాన్లు, రెండు మానిటర్లకు చోటు, సోకులేమీ లేవు. హై డెఫినిషన్ వీడియోకి ఇది చాలు మౌసీ అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి, నాతో కూడా చెప్పాడు. మా ఆయన మనసు మాత్రం దీపాల మీదికే పోయింది. గళ్లు గీసిన కాగితంలో కొరాపుట్ కార్డుకి రెండు మార్కులు ఎక్కువ వేసి, పక్కన ‘దృఢత్వం’ అని రాశారు.

నేను జాకెట్లు కుడతాను. కొలతలు తీశారా అని అడిగాను. వెంట్రుకవాసి తేడా వస్తే లారీ సరుకు వెనక్కి పంపిన మనిషి, కంప్యూటర్ డబ్బా మూత తీసి చూడనేలేదు. నా టేపు తెచ్చి, చెయ్యి పొడుగు కొలిచినట్టు నేనే లోపల కొలిచాను. పదిన్నర అంగుళాలు. కొటేషన్లలో కార్డు పొడుగు చూస్తే మూడు ఫ్యాన్లది పన్నెండు, దేబాశిష్‌ది తొమ్మిది. ఆయన ‘దృఢత్వం’ కొట్టేశారు.

దేబాశిష్ రెండో మానిటర్ కూడా తెచ్చి, కార్డు బిగించి, టీ తాగి వెళ్లాడు. పెళ్లికొడుకు ఎక్కడా ఆగకుండా మూడు ముళ్లూ వేశాడు. కల్యాణి ఒక మానిటర్‌ను వెనకవాళ్లకు తన వీపు చాటయ్యేలా ముందు పెట్టుకుని, రెండోదాన్ని తనకు కనిపించకుండా వెనక కుర్చీ వైపు తిప్పింది. అప్పటికి ఐదు రోజులు మిగిలాయి.

మర్నాడు రాయగడ నుంచి పెళ్లికూతురి మేనత్త రాజ్యంగారు దిగింది. ఆ ఇంట్లో ఆఖరి మాట ఆవిడదే. ఆవిడ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకీ, కల్యాణి కాఫీ కోసం వంటింట్లోకీ వెళ్లినప్పుడు మా ఆయన వీధి గదిలో దూరారు. తనిఖీ మిగిలిపోయిందట. రెండు మానిటర్లూ ఒకే రంగు ఇస్తున్నాయో లేదో తేలాలంటే రెండింటి మీదా ఒకే బొమ్మ ఉండాలి. దేబాశిష్ నేర్పిన మీటలేవో నొక్కి అలా పెట్టి, చూసుకుని, కాగితం మీద టిక్కు పెట్టి వచ్చేశారు. మళ్లీ మార్చలేదు.

పని మొదలైంది. నేను గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అక్కణ్నుంచి నాకు రెండు తెరలూ కనిపిస్తాయి. రెండింటి మీదా అవే గీతలు, అవే ముక్కలు, అదే కత్తెర గుర్తు. కల్యాణికి సైగ చేశాను. ఎసట్లో బియ్యం పడేశావా అని అడుగుతున్నాననుకుని తలూపింది.

అప్పుడే రాజ్యంగారి ముక్క వచ్చింది. తలంబ్రాల పళ్లెం పక్కన నిలబడి, ఫోన్లో మాట్లాడుతూ, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంటోంది. కల్యాణి దాన్ని మధ్యకి కోసి వెనక సగం తీసేసింది.

“ఆగమ్మీ,” అంది రాజ్యంగారు. “అలా నొక్కితే నేను పోయేనా?”

కల్యాణి వెనక్కి తిరిగి ఆ తెరను చూసింది. దానిమీదా తన కత్తెరే ఉంది. నేను చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టేశాను. ఇప్పుడే తిరిగి పెట్టేస్తానండీ అని కల్యాణి గొణిగింది.

“ఒద్దు. ఇంకా ముందునుంచి తియ్యి. పెళ్లిలోన ఆ కుచ్చిళ్లేటి, అలా దోపుకుంటన్నాను. ఒక్కరూ సెప్పనేదు సూడు.”

కుర్చీ ముందుకు జరుపుకుంది. తన తర్వాత వదినగారి వంతు, పెళ్లికూతురికి పెద్దమ్మ వరస. ముక్కు తుడుచుకుంటోందని ఆవిణ్ని తీయించింది. కునుకు తీస్తున్నాడని మరిదిని తీయించింది. జిలేబీకి మూడోసారి చెయ్యి చాపిన బావగారు అప్పటికప్పుడు పోయారు. అప్పగింతల దగ్గర కల్యాణి గట్టిగా పట్టుబట్టడం వల్ల పెళ్లికూతురి తల్లి మిగిలింది. సగం ఏడుపు సరిపోతుందని అక్కడా కొంత కోయించింది రాజ్యంగారు. ఆవిడకు ఇంకో కాఫీ కావాలా అని అడగడానికి వచ్చిన మా ఆయన, ఆ కోతలు చూసి అటునుంచటే వెనక్కి వెళ్లారు.

వీడియో గంటా ఐదు నిమిషాలు వచ్చింది. ఒక రోజు ముందే రాయగడ చేరింది.

పదహార్రోజుల పండగ మర్నాడు రాజ్యంగారు ఫోన్ చేసింది. ఒక్కరూ లేవకుండా చూశారట. మిగతా ఇద్దరు పిల్లల పెళ్లిళ్లూ కల్యాణికే ఇస్తున్నామంది. ఫోన్ స్పీకర్లో ఉంది కాబట్టి తర్వాత మాట మేమందరం విన్నాం.

“మా వదిన తన ముక్క ఏదని గొడవ పడ్డాది. నాకేటి తెలుసు, అంతా ఆ కల్యాణమ్మే కత్తిరించీసిందని సెప్పేను. ఏటనుకోకమ్మీ. ఇంకో మాట, ఈసారికి నాకూ ఒక మౌసు ఉంచు. నువ్వు నెమ్మదిగా నొక్కుతావు.”

కల్యాణి ఫోన్ పెట్టేలోపే మా ఆయన తెల్లకాగితం తీశారు. పైన ‘ఇండెంట్’ అని రాసి, ‘రెండో మౌస్’ అని రాసి, కారణం ఏం వేయమంటావని అడిగారు. కల్యాణి కలం తీసుకుని తనే రాసింది. ‘వదినగారు అడిగితే, కోసిన చెయ్యి నాది కాదని.’

ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టి, కొటేషన్ల కోసం కొరాపుట్ బస్సుకి ఎంత టైముందో చూసుకున్నారు.