బిగించినవీ, విడివీ

బుడ్డోడు నమ్మకద్రోహి. ఆ మాట లారీల ఓనరు పొద్దుట్నించి ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. యార్డులోని డ్రైవర్లకి చెప్పాడు, పంక్చర్లు వేసేవాడికి చెప్పాడు, టీ తెచ్చినవాణ్ని నిలబెట్టి మరీ చెప్పాడు. చివరికి బుడ్డోడికే ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, అందరూ వింటుండగా, "ఇంట్లో పెట్టుకుని తిండి పెడితే నా సర్వర్లో ఫైళ్లు కాజేసి పోతావురా, దొంగవెధవా" అనేసి, అవతల్నించి జవాబు వచ్చేలోపు కట్ చేశాడు.

బుడ్డోడు ఓనరు భార్యకి తమ్ముడు. చిన్నప్పటి పేరు అలా ఉండిపోయిందిగానీ, ఇప్పుడు ఆ ఆఫీసు గుమ్మంలో తల వంచి నడవాల్సినంత మనిషి. జీతం పెంచమని అడిగితే, "నీ చదువు నా లారీ తోలుతుందా?" అని బావ వెటకారం చేశాక, మాటామాటా అనుకోకుండానే వేరేచోట ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు తాళంచెవులూ, పాస్‌వర్డులూ అక్క చేతిలో పెట్టాడు.

బావ ఏడో తరగతిలో పలక పక్కనపడేసి లారీ క్లీనరుగా ఎక్కినవాడు. ఎక్కి, తుడిచి, తోలి, ఇవాళ నాలుగు లారీలకి ఓనరు. యార్డులో అందరూ అతన్ని ఓనరనే అంటారు. ఆఫీసు వెనకాల, పాత బ్యాటరీలు దాచే ఇరుకు గదిలో సర్వరుంది. దాన్ని అక్కడ పెట్టి, వెబ్‌సైటు కట్టింది బుడ్డోడే. మందుల కంపెనీ కాంట్రాక్టు మొత్తం దానిమీదే నడుస్తోంది. ఆ మందులు దారి పొడుగునా చల్లగా ఉండాలి. లారీలోని పెట్టె ఎంత చల్లగా ఉందో వెబ్‌సైటులో కనిపిస్తేనే అవతలి గోడౌను వాళ్లు సరుకు దించుకుంటారు. సాయంత్రం గేటు మూసేలోపు కనిపించకపోతే సరుకు చెడినట్టే లెక్క. దానికి హామీగా యార్డులో తూర్పువైపు స్థలం ముక్క రాసిచ్చాడు ఓనరు. రాసిచ్చేటప్పుడు, "చల్లదనానికి ఏమొస్తుందిలే" అనుకున్నాడు.

ఇవాళ తెల్లవారాక కరెంటు పోయింది. కాసేపటికి బ్యాటరీ కూడా చచ్చింది. కరెంటు తిరిగొచ్చి సర్వరు వెలిగిందిగానీ వెబ్‌సైటు లేవలేదు. తెరమీద ఫలానా పని చూసే మాడ్యూలుకి సెట్టింగులుండే కాన్ఫిగరేషన్ ఫైలు తెరవలేకపోయానని, అలాంటి ఫైలే లేదని తప్పుల వరస. అప్పటికే మందులతో లారీ వెళ్లి గోడౌను గేటు ముందు నిలబడి ఉంది.

కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, బ్యాటరీల మీంచి దాటి, స్టూలు మీద కూర్చుంది. ఓనరు ఆవిడ వెనక నిలబడి బుడ్డోడి కథ మొదట్నించీ ఎత్తుకున్నాడు. ఆవిడ ఊఁ కొడుతూనే ఒక్కో తప్పూ చదివింది. ముందు ఒక మాడ్యూలు పేరు చెప్పి దాన్ని ఆపింది. సర్వరు ఇంకో మాడ్యూలు పేరు చెప్పి ఏడ్చింది. దాన్నీ ఆపితే మూడోది. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఒకటి పోతే దొంగతనం అనుకోవచ్చు సార్. ఇక్కడ ఊడ్చేసినట్టుంది."

తర్వాత ఆవిడ చెప్పింది ఇదీ. సర్వర్లో రెండు ఫోల్డర్లుంటాయి. అసలు ఫైళ్లన్నీ ఒకదాంట్లో ఉంటాయి. రెండోదాంట్లో ఉండేవి అవే పేర్లతో దారిచూపే గుర్తులు మాత్రమే. ఆ గుర్తులు పట్టుకుని సర్వరు మొదటి ఫోల్డరుకి వెళ్లి ఫైళ్లు చదువుకుంటుంది. ఇప్పుడు గుర్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అసలు ఫోల్డరే ఖాళీ.

"ఇల్లు పడగొట్టి వీధిలో బాణంగుర్తు మాత్రం ఉంచారు. ఇది ఇవాళ జరిగింది కూడా కాదు. నడుస్తున్న సర్వరు ఒకసారి చదివేసుకుంటే మళ్లీ ఆపేదాకా ఫైళ్ల జోలికి పోదు. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆయన వెళ్లిపోయాక దీంట్లో ఎవరైనా చెయ్యి పెట్టారా?"

ఓనరు తేలు కుట్టిన దొంగలా గోడవైపు చూశాడు.

పెట్టాడు. బుడ్డోడు వెళ్లిన వారానికి తెరమీద చోటు చాలడంలేదని ఒక హెచ్చరిక వచ్చింది. చోటు చాలకపోతే ఏం చెయ్యాలో ఓనరుకి ఒకరు చెప్పక్కర్లేదు. బండికి బిగించిన సామాను బండిది, విడిగా పడున్నది తూకానికి. స్టోరులో తుప్పుపట్టే గేర్లూ, స్ప్రింగులూ అలాగే ఏటా ఊడ్చి అమ్మేస్తాడు. సర్వరు సంగతి అర్థంకావడంలేదని తనే గోల పెడితే బుడ్డోడు ఒకరోజు ఆ రెండు ఫోల్డర్లూ చూపించి బావకి తెలిసే భాషలో చెప్పాడు: "ఇందులో ఉన్నవి స్టోరులో సామాను బావా. అందులో ఉన్నవి బండికి బిగించినవి." అంతకంటే ఏ మాస్టరూ అతనికి ఏదీ అంత తేటగా చెప్పలేదు. ఆ మాట గుర్తుపెట్టుకునే, స్టోరు ఫోల్డరు మొత్తం ఊడ్చి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, ఆ పూట హాయిగా పడుకున్నాడు. చోటు పెద్దగా మిగల్లేదు. అదే ఆశ్చర్యం అనిపించింది.

ఆవిడకి ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అందరి సర్వర్లలో ఉండే ఫైళ్లని ఆవిడ మళ్లీ తెచ్చి పెట్టింది. ఒక్కటి మిగిలింది. చల్లదనం లెక్కలు చూపించే మాడ్యూలు బుడ్డోడు సొంతంగా రాసుకున్నది. దాని ఫైలు బజారులో దొరకదు. లారీల్లో పెట్టెల గుర్తింపు నంబర్లూ, రహస్యపు పదాలూ అందులోనే ఉన్నాయి.

"ఆయన్ని అడగాలి సార్. కాపీ దాచుకునే ఉంటారు, ఇంత పద్ధతిగా చేసిన మనిషి."

అప్పటికి గోడౌను నుంచి డ్రైవరు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇంకో గంటలో గేటు మూసేస్తారట.

భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. సంగతి అంతా విని భర్త ముఖంలోకి చూసింది. "పొద్దున స్పీకరు పెట్టి తిట్టారుగా, ఇప్పుడు గొంతు ఏమైంది?" అంది. అని, తనే ఫోన్ కలిపింది. తమ్ముడితో రెండు ముక్కలు మాట్లాడి, స్పీకరు పెట్టి ఫోన్ భర్త చేతికిచ్చింది.

"ఫైలు నా దగ్గరుంది బావా" అన్నాడు బుడ్డోడు. గొంతులో కోపం లేదు. అదే వినడానికి కష్టంగా ఉంది. "పంపిస్తాను. పొద్దున అందరి ముందూ నన్ను దొంగన్నావు. నేను తియ్యలేదని అదే అందరి ముందు ఒక్కమాట అను. అంతే."

డ్రైవర్లు ఇద్దరు కిటికీ దగ్గరున్నారు. పంక్చర్లవాడు చేతులు తుడుచుకుంటూ ఇటే చూస్తున్నాడు. బాగుచేసే ఆవిడ తలెత్తకుండా తెరవైపే చూస్తోంది. ఓనరు నోరు తెరిచాడు. ఫైళ్లు నువ్వు తియ్యలేదురా. మూడే ముక్కలు. క్లీనరుగా ఉన్న రోజుల్లో ఇంతకన్నా బరువైనవి భుజాన ఎత్తాడు. ఈ మూడూ పైకి లేవలేదు.

"నువ్వా రోజు బిగించినవీ, విడివీ అని చెప్పకపోతే..." అన్నాడు. "నీ చెప్పడం సరిగ్గా ఉంటే నేనెందుకు తీస్తాను?"

"సరే బావా" అని ఫోన్ పెట్టేశాడు బుడ్డోడు.

భార్య ఫోన్ తీసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. తమ్ముడికి ఎన్నిసార్లు చేసిందోగానీ, వాడు ఎత్తలేదు. గేటు మూశాక డ్రైవరు మళ్లీ ఫోన్ చేసి, సరుకు వద్దన్నారనీ, చెడిన మందుల కింద రాసి కాల్చెయ్యడానికి తీసుకుపోతున్నారనీ చెప్పాడు.

ఫైలు మర్నాడు పొద్దున వచ్చింది, అక్క ఫోనుకి. పక్కన ఒక్క అక్షరం లేదు. బాగుచేసే ఆవిడ దాన్ని దాని చోట పెట్టగానే వెబ్‌సైటు ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. లారీలోని పెట్టె తనలో దాచుకున్న అంకెలన్నీ ఒక్కసారిగా పంపింది. మొన్న బయల్దేరినప్పట్నించి నిన్న తలుపు తీసేదాకా మందులు ఉండాల్సినంత చల్లగానే ఉన్నాయి. ఒక్క నిమిషం కూడా వేడెక్కలేదు. ఓనరు ఆ అంకెలు చూపిస్తానని కంపెనీకి వెళ్లాడు. కాలిపోయిన మందులకి చల్లదనం చూపిస్తే ఏం లాభమన్నారు అక్కడ.

అడిగినవాళ్లకి ఓనరు ఇప్పటికీ బుడ్డోడి పేరే చెబుతాడు. తూర్పువైపు కంపెనీవాళ్లు కంచె వేసేశారు. లారీలు తిప్పుకోవడానికి ఇప్పుడు చోటు చాలదు, వెనక్కే తియ్యాలి. పోయింది నాలుగు వందల పదహారు గజాలు.