తండ్రి మాటకు నాలుగు దారులు

మధ్యాహ్నపు నమాజు ముగియగానే సత్తాం మేడ మీదికెక్కి, యాంటెనాను పడమటి కొండ వైపు తిప్పి బిగించాడు. కెరక్ కొండల నడుమ లోయ అడుగున ఒదిగిన ఊరది. ఆకాశమే అక్కడివారికి సన్నని పట్టీలా కనిపిస్తుంది. ఇక సెల్ టవర్ల సంకేతం సంగతి చెప్పేదేముంది. ఒక కంపెనీది రోడ్డు మలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. ఇంకొకటి వేళను బట్టి వస్తుంది, పోతుంది. మూడవది వచ్చినా పలచగా వస్తుంది.

యాంటెనా తిప్పే పని ఇన్నేళ్ళూ తమ్ముడు ఘైత్‌ది. సత్తాం కింద నిలబడి తెర చూస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేవాడు. "అన్నా, ఇంకా తిప్పితే మక్కా వైపుకొస్తుంది. ఇక్కడే నమాజు కానిచ్చేస్తా, నువ్వు ఎదురుచూస్తూ ఉండు" అని వాడు పైనుంచి అరిచేవాడు. ఇప్పుడు పైనున్నదీ తానే, కింద చూసుకునేదీ తానే. అందుకని ఆ రోజు సత్తాం మెట్లు చాలాసార్లు ఎక్కి దిగవలసి వచ్చింది.

ఘైత్ వసంతకాలంలో పోయాడు. రోడ్డు మలుపులో, పొరుగింటి ఖలఫ్ కొడుకు యజన్ నడుపుతున్న బండి కింద పడి పోయాడు. కావాలని చేసినది కాదని పోలీసులు తేల్చారు, ఊరూ ఒప్పుకుంది. అయినా పోయింది ప్రాణం. యజన్ జైలుకు వెళ్ళాడు. పెద్దల మాట మీద ఖలఫ్ ఇల్లంతా ఆ రాత్రికి రాత్రే తలుపులు మూసుకుని మాదబా పట్నం వైపు తరలిపోయింది. రెండు ఇళ్ళ నడుమ పెద్దలు కట్టిన సంధి గడువు ఈనాటి సూర్యాస్తమయంతో తీరిపోతుంది. ఆలోగా చనిపోయినవాడి తండ్రి, తన ఇంటి ముందు వేసిన గుడారంలో, పెద్దల ఎదుట, తన నోటితో క్షమించానని చెప్పాలి. చెబితే ఖలఫ్ కుటుంబం ఇల్లు చేరుతుంది. లేకపోతే ఆ తలుపులు ఇక తెరుచుకోవు. ఆ పైన ఎవరి ఆవేశానికి ఎవరు హామీ ఉంటారో చెప్పగలవారు లేరు.

అయితే ఆ తండ్రి, హాజీ దయీఫల్లా, గుండెకు ఆపరేషన్ కోత పడి రాజధాని అమ్మాన్‌లోని ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. కదిలించడానికి వీల్లేదని వైద్యులు ఖండితంగా చెప్పారు. ఆసుపత్రిలో అన్న మాట ఇంట్లో అన్నట్టు అవుతుందా అని పెద్దలు చాలాసేపు తర్కించారు. చివరకు వారిలో ముఖ్యుడైన షేక్ అబూ రాకాన్ తీర్పు చెప్పాడు: "ముఖం కనబడాలి. గొంతు వినబడాలి. మాట నడుమ తెగకూడదు. తెగితే అది మాట కాదు, కాఫీ ముట్టకుండా లేచిపోతాం."

ఒంటె పందేలనూ పెళ్ళిళ్ళనూ దూరదేశాల బంధువులకు ప్రత్యక్షంగా చూపించడమే సత్తాం జీవనం. కనుక ఆ పని వెతుక్కోనక్కర లేకుండా అతని మీద పడింది. నీ మనసులో ఏముందని మాత్రం అతన్ని ఎవరూ అడగలేదు. మాట తండ్రిది, పెద్దకొడుకు మౌనం అంగీకారమనే అందరూ అనుకున్నారు. అతని మౌనంలో అంగీకారం లేదని దేవుడొక్కడికే తెలుసు. తండ్రితో ఫోనులో మందుల గురించీ, ఉప్పు లేని భోజనం గురించీ మాట్లాడాడే గాని ఈ సంగతి ఎత్తలేదు. తండ్రీ ఎత్తలేదు.

గుడారం మూలన, కాఫీ కాచే పొయ్యికి వెనుక, చిన్న బల్ల మీద రౌటర్ పెట్టాడు. మూడు కంపెనీల మూడు సిమ్ కార్డులు అందులో అమర్చాడు. నాలుగవ దారిగా, కొండ మీది ఆడపిల్లల బడిలోని వైఫైని యాంటెనాతో పట్టి తెచ్చాడు. ఆ ఒక్క పూటకు ప్రధానోపాధ్యాయురాలు సమ్మతించింది. ఇల్లు కట్టేవాడు ఏ గోడ ఎంత బరువు మోయగలదో తట్టి చూసినట్టు, ఏ దారి ఎంత మోయగలదో ఒక్కొక్కటే కొలిచి చూశాడు. బలమైన దారికి పెద్ద వంతు, పలచని దారికి చిన్న వంతు కేటాయించాడు. తండ్రి గొంతుకు మాత్రం వంతులు పెట్టలేదు. అదే మాట ఒకేసారి రెండు దారుల్లోనూ వచ్చేటట్టు, ఒకటి జారినా ఇంకొకటి అందేటట్టు ఏర్పాటు చేశాడు. చేస్తున్నంతసేపూ చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. మనసు వాటితో కలవలేదు.

చిన్నాన్న ఫర్హాన్ వచ్చి బల్ల పక్కన చతికిలబడ్డాడు. అన్నగారు లేనందున ఆ పూట గృహస్థు ఆయనే.

"ఏరా సత్తాం, ఈ నల్లపెట్టెకి ఎన్ని కొమ్ములురా? నా మేకపోతుకే రెండున్నాయి."

"ఒక్కోటి ఒక్కో దారి, బాబాయ్."

"మాట్లాడేది మీ నాన్న ఒక్కడే కదా. ఇన్ని దార్లెందుకు?"

"ఒకటి మూసుకుపోతే ఇంకోటి ఉండాలి కదా. మాటని ముక్కలు చేసి అన్ని దార్లలోనూ పంపుతుంది. చివర్లో మళ్ళీ అతుకుతుంది."

"మీ నాన్న మాటని ముక్కలు చేసే మగాడు ఇన్నాళ్ళకి పుట్టాడన్నమాట" అని ఫర్హాన్ గడ్డం నిమురుకున్నాడు. "సరేగానీ, దీనికి వైఫై ఉందా?"

"ఉంది. కెమెరాకీ, నా తెరకీ. అంతే."

"అదేం మాటరా. గుమ్మంలోకొచ్చినవాడికి నీళ్ళిచ్చి, నీడిచ్చి, ఇది మాత్రం లేదంటామా? షేక్ గారి అల్లుడు నన్నే అడిగాడు. లేదని నా నోటితో నేనెలా అనేది?"

సత్తాం చేతిలో తీగ ఉంది, పళ్ళ మధ్య మేకు ఉంది. "ఆయనొక్కడికే" అంటూ సంకేతపదం చెప్పేశాడు. అతిథికి లేదనడం ఆ ఇంట ఏనాడూ జరగలేదు గనుక, తాను చేసిన పొరపాటు పొరపాటని అతనికి తోచలేదు.

పొద్దువాలే నమాజు తరువాత పెద్దలు వచ్చారు. ఒక గుంపు వెనుక ఒక గుంపు, తెల్లని ఎర్రని తలగుడ్డలతో గుడారం నిండిపోయింది. చోటు చాలక కొందరు తాళ్ళ అవతల నిలబడ్డారు. ఖలఫ్ మాత్రం లోపలికి రాలేదు. వచ్చే హక్కు ఇంకా లేదు. రోడ్డు మలుపులో కారులో కూర్చుని ఉన్నాడు. షేక్ అబూ రాకాన్ ముందు కాఫీ గిన్నె పెట్టారు. అడగవచ్చినది దక్కేదాకా తాగకూడదు గనుక ఆయన దాన్ని ముట్టకుండా నేల మీద ఉంచాడు.

సత్తాం వీడియో ఫోను కలిపాడు. పెద్ద తెర మీద తండ్రి ముఖం వెలిగింది. ఎముకలు తేలి, గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. ఆసుపత్రిలో ఫోను పట్టుకున్నది సత్తాం చెల్లెలు జవాహిర్. ఆమె చేయి మార్చుకున్నప్పుడల్లా తండ్రి ముఖం ఒక పక్కకు ఒరిగింది.

షేక్ దైవస్తుతి చేసి, మరణించినవానికి శాంతి కోరి, తాము ఏమడగడానికి వచ్చారో నిదానంగా విన్నవించాడు. "హాజీ, నీ గుమ్మంలో కూర్చున్నాం. మా కాఫీ నేల మీదుంది."

దయీఫల్లా దిండు మీద తల సర్దుకున్నాడు. తరువాత, "దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు. నా ఘైత్ గురించి నేను..." అన్నాడు.

ఆ క్షణాన గుడారంలోని చేతులన్నీ ఫోనులతో లేచాయి. ఈ ఘడియను ప్రతివాడూ తన వాళ్ళకు అప్పటికప్పుడే చూపించాలనుకున్నాడు. తెర మీద దయీఫల్లా నోరు సగం తెరుచుకుని అలాగే నిలిచిపోయింది. గొంతు ఆగిపోయింది.

సత్తాం చేతి తెర వైపు చూశాడు. నాలుగు దారులూ తెరిచే ఉన్నాయి, నాలుగూ నిండిపోయాయి. తన వైఫైకి తగులుకున్న ఫోనుల వరుస కిందికి కిందికి సాగుతూనే ఉంది. అతను తలెత్తాడు. కాఫీ పొయ్యి పైన గుంజకు ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద సంకేతపదం, చిన్నాన్న దస్తూరిలో, దూరానికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో ఉంది.

వేలు కదిపితే అతిథులందరినీ వైఫై నుంచి తప్పించవచ్చు. కాని వేలు కదలలేదు.

ఇక తాను ఏమీ చేయనక్కర లేదని అతనికి అర్థమైంది. కూర్చుంటే చాలు. సూర్యుడు పడమటి కొండ అంచున ఉన్నాడు. యంత్రం చెడింది, లోయ ఇంతే, దైవనిర్ణయం అంటారు. నిందించేవాడు ఉండడు. ఖలఫ్ కారు వచ్చిన దారినే తిరిగిపోతుంది. తమ్ముడు పోయిన నాటి నుంచి తాను కోరుకున్నది ఇదేనేమో. తెర మీద నిలిచిపోయిన తండ్రి ముఖం వైపు చూశాడు. ఆ సగం తెరిచిన నోట ఉన్న మాట ఏదో అతనికి తెలుసు. చావు అంచు దాకా వెళ్ళి వచ్చిన మనిషి ఆ మాటను మోసుకొచ్చాడు. ఇప్పుడు దాన్ని దించుకోనివ్వకపోతే అది ఆ కోత పడిన గుండె మీదే ఉండిపోతుంది.

అతని వేలు కదిలింది. వైఫై నుంచి అతిథులందరూ తప్పుకున్నారు.

అయినా తెర కదలలేదు. తప్పించిన ఫోనులన్నీ తమ సొంత సిమ్‌ల మీదికి మారాయి. ఆ సిమ్‌లు అందుకునేదీ ఈ రౌటర్ అందుకునే టవర్లనే. బడి వైఫై ఒక్కటే అంత బరువు మోయలేకపోయింది. ఇక యంత్రంతో చేయగలిగింది లేదు. మనుషులను అడగాలి. సత్తాం లేచి నిలబడ్డాడు.

"పెద్దలారా, మీ ఫోన్లు ఆపండి. చేతిలోవీ, జేబులోవీ, అన్నీ."

ఫర్హాన్ ముఖం పాలిపోయింది. "అతిథులనురా నువ్వు అంటున్నది" అని గొణిగాడు.

తాళ్ళ దగ్గరి నుంచి ఎవరో నవ్వారు. "నీ పెట్టె పని చెయ్యకపోతే మా ఫోన్లేం చేశాయయ్యా? పందేలు చూపించేటప్పుడు నీ పెట్టె కోసం ఒంటెలు కూడా ఆగేవా?"

"పందెం తెగిపోతే రేపు మళ్ళీ పెట్టుకుంటారు" అన్నాడు సత్తాం.

షేక్ అబూ రాకాన్ చేయి ఎత్తి అందరినీ ఆపాడు. కళ్ళు చికిలించి సత్తాం వైపు చూశాడు. "నాయనా, ఇది అడుగుతున్నది ఎవరు? పెట్టె నడిపేవాడా, ఘైత్‌కి అన్నయినవాడా? పెట్టె నడిపేవాడైతే అది వాడి పని, వాడే చూసుకుంటాడు. ఘైత్‌కి అన్నయితే అతిథులమైనా మేం వినాలి."

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని సత్తాం ఇన్ని నెలలు ఎదురుచూశాడు. చేతి తెరను బల్ల మీద పెట్టాడు.

"ఘైత్‌కి అన్నని" అన్నాడు. "మా నాన్న మాట రానివ్వండి."

షేక్ తన పొడుగు చొక్కా జేబులోంచి పాత ఫోను తీసి, ఎలా ఆపాలో తెలియక అల్లుడికిచ్చాడు. అల్లుడు దాన్నీ, తనదాన్నీ ఆపాడు. ఆ వెనుక ఒకటొకటిగా వెలుగులు ఆరిపోయాయి. తాళ్ళ దగ్గరివాడు కూడా తల వంచుకుని ఆపాడు. సత్తాం తెర మీద నిండిపోయిన దారులు ఒక్కొక్కటీ తేలికపడ్డాయి. తండ్రి కళ్ళు కదిలాయి.

"...వినబడుతోందా? జవాహిర్, వాళ్ళకి వినబడుతోందా?"

"ఇప్పుడు వినబడుతోంది, హాజీ" అన్నాడు షేక్. "నీ మాట తెగింది. మొదటి నుంచి చెప్పాలి."

"సత్తాం ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాను, నాన్నా."

"నాకు కనబడేట్టు నిలబడు."

సత్తాం కెమెరా ముందుకు వచ్చి నిలబడ్డాడు. తండ్రి అతన్ని చాలాసేపు చూశాడు. తరువాత దైవనామం చెప్పి, మాటను మొదటి నుంచి ఎత్తుకున్నాడు. గొంతు బలహీనమే గాని ఎక్కడా తడబడలేదు. ఘైత్ విషయంలో ఖలఫ్ ఇంటి మీద తనకు ఏ పగా లేదన్నాడు. అల్లాహ్ కోసం, ఈ గుమ్మం తొక్కిన పెద్దల గౌరవం కోసం, యజన్‌ను క్షమించానన్నాడు. "మీ కాఫీ తాగండి" అన్నాడు.

గిన్నెలో కాఫీ చల్లారిపోయింది. పారబోసి వేడిది పోశారు. షేక్ తాగి, ఖలఫ్‌ను పిలవమన్నాడు.

ఖలఫ్ వచ్చి గుడారం అంచున ఆగిపోయాడు. మనిషి సగమైపోయాడు. వేసవి ముగిసేలోపు ఒక మనిషికి ఇంత ముసలితనం వస్తుందని సత్తాం ఎరగడు. అతనికి కాఫీ అందించవలసింది చనిపోయినవాడి ఇంటి పెద్దకొడుకు. సత్తాం ఎడమచేత కూజా, కుడిచేత గిన్నె పట్టుకుని నడిచాడు. పోసి, చాచాడు. ఖలఫ్ చేయి లేవలేదు.

"తాగు, మామా" అన్నాడు సత్తాం. చిన్ననాటి నుంచి పిలిచిన పిలుపే. వసంతం తరువాత నోటికి రావడం ఇదే.

ఖలఫ్ తాగాడు. తెర మీద దయీఫల్లా కళ్ళు మూసుకుని విని, మళ్ళీ తెరిచాడు. దారి తెంచవద్దని, ఇంకాసేపు ఇల్లు చూస్తానని అన్నాడు. ఆపిన ఫోనులను తిరిగి వెలిగించినవారు లేరు. సత్తాం, ఖలఫ్ ఇద్దరూ చాప మీద పక్కపక్కన కూర్చున్నారు.

ఖలఫ్ తన ఇంటి వైపు చూసి అడిగాడు. "ఇల్లెలా ఉందిరా?"

"బానే ఉంది. గోడ పక్క నువ్వు పెట్టిన దానిమ్మ మొక్కలు ఎండిపోయాయి, మామా. రోజూ చూస్తూనే ఉన్నాను. నీళ్ళు పొయ్యలేదు."

ఖలఫ్ తల ఊపాడు. ఖాళీ గిన్నెను వేళ్ళ మధ్య మెల్లగా తిప్పాడు.

"నీ చోట నేనైనా పోసేవాణ్ణి కాదులే" అన్నాడు.