సోమ, బుధ, శుక్రవారాల సంతకాలు

"పదిహేడు దొంగ సంతకాలు!" విచారణాధికారి డిగ్రీ పట్టాలను పేకముక్కల్లా బల్ల మీద పరిచింది. "ఒప్పుకుంటే ఉద్యోగంతో పోతుంది. లేదంటే పోలీసుల్ని పిలుస్తాను."

ఎదురుగా నిలబడ్డ గుమస్తా రిజిస్ట్రారుకి స్వయానా చెల్లెలి మొగుడు. రిజిస్ట్రారు పక్క కుర్చీలో కుడిచేతిని ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. పట్టాల మీద ఉండాల్సింది ఆయన సంతకం, కానీ ఉన్నవి దానితో కలవడం లేదు.

"తేదీలు చూడండి," అందామె ఆయనతో. "అన్నీ సోమ, బుధ, శుక్రవారాలే. ఆ రోజుల్లో మీరు పొద్దున్నే డయాలసిస్‌కి వెళ్తారు. మధ్యాహ్నం దాకా మీ గది తాళం ఈయన దగ్గరే. ఇంకేం రుజువు కావాలి?"

లెక్క అతికినట్టు సరిపోయింది. అయినా తప్పు. అది రిజిస్ట్రారుకి తెలుసు.

పద్నాలుగేళ్ళుగా మిషను పుణ్యాన బతుకుతున్నాడు. ఎడమచేతి రక్తనాళాలు పాడయ్యాక సూదులు కుడిచేతికి మారాయి. నాలుగు గంటలు కదలకుండా పడుకుని లేచేసరికి వేళ్ళు చల్లబడిపోతాయి, బొటనవేలు ఉందో లేదో తెలియదు. మణికట్టులో నరం నలిగిపోతోందన్నాడు డాక్టరు. భుజం నొప్పి సరేసరి. ఆ చేత్తోనే ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి పట్టాల మీద సంతకాలు పెట్టాడు. సంతకం చేయలేని రిజిస్ట్రారుని ఎవరుంచుకుంటారు? ఉద్యోగం ఊడితే వైద్యానికి ఆఫీసు ఇచ్చే ఆసరా కూడా ఊడుతుంది. అందుకే గుట్టుగా నెట్టుకొచ్చాడు. సంగతి తెలిసింది బావ ఒక్కడికే. డయాలసిస్ రోజుల్లో ఆయన చొక్కా గుండీలు పెట్టేది అతనే.

అధికారి ఫోను మాట్లాడటానికి బయటికెళ్ళింది.

"చెప్పేస్తాను బావా."

"నోర్ముయ్," అన్నాడు గుమస్తా. "నా ఉద్యోగం పోతే ఉల్లిపాయలు అమ్ముకుంటా. నీది పోతే?"

"జైలంటోంది కదా."

"పెట్టనీ. మీ చెల్లెలి వంట తప్పుతుంది." నవ్వబోయాడు.

అధికారి తిరిగొచ్చి ఒప్పుకోలు కాగితం ముందుకు తోసింది. గుమస్తా కలం తీశాడు.

"ఆగండి." రిజిస్ట్రారు ఆ కలం లాక్కున్నాడు. అది వేళ్ళ సందుల్లోంచి జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు. కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో ఒక్కొక్కటే మడిచి, కలం చుట్టూ బిగించి, తెల్లకాగితం మీద మూడుసార్లు తన పేరు రాశాడు. మూడూ మూడు వంకర్లు పోయాయి. మూడోది బల్ల మీది పట్టాలో ఉన్నదానికి అచ్చుగుద్దినట్టుంది.

అధికారి కళ్ళజోడు తీసింది. "ఇవాళ..."

"శుక్రవారమండి. ఆస్పత్రి నుంచే వచ్చాను."

"మరి దొంగ ఎవరు?"

"వద్దు," అని గొణిగాడు గుమస్తా.

"అవన్నీ పెట్టింది నేనేనండి," అన్నాడు రిజిస్ట్రారు. "చెయ్యి పడిపోతోందని చెప్పుకోలేక, ఈ మనిషిని మీకప్పగించిందీ నేనే."